టుమ్ షోన్ కాటి జాడలో నిధి వేట నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

వేల్స్ దేశపు జానపద కథల్లో పేరుమోసిన గజదొంగ టుమ్ షోన్ కాటి దాగి ఉన్నాడని చెప్పే కొండల మీదుగా, క్లూలు విప్పుకుంటూ సాగే ఈ నడక గురించి తెలుగు కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాము. బయలుదేరే ముందు ఒకసారి మొత్తం చదవండి. ముఖ్యంగా గుహ గురించీ నది గురించీ రాసిన భాగాలను దాటవేయవద్దు.

ఈ నడక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

నైరుతి వేల్స్‌లోని కార్మార్థెన్‌షైర్‌లో లాండవరి అనే చిన్న సంతపట్నం ఉంది. మొదటి భాగం ఆ ఊరి వీధుల్లో, కోట శిథిలాల దగ్గర జరుగుతుంది. తరువాత టవి నది వెంట ఉత్తరానికి ప్రయాణించి, రాండిర్‌ముయిన్ గ్రామాన్ని దాటి, డినాస్ అనే గుండ్రని అడవి కొండకు చేరుకోవాలి. ఆ కొండ చుట్టూ తిరిగే సుమారు 3 కిలోమీటర్ల కాలిబాటే రెండవ భాగం. టుమ్ గుహ ఆ కొండ మీదనే ఉంది. ఓపిక, సమయం మిగిలినవారు అతడు పుట్టిన ట్రెగారన్‌కు కూడా వెళ్ళవచ్చు కానీ, అది వేరే లోయలో ఉన్నందున దానికి మరో రోజు కేటాయించుకోవడమే మంచిది.

టుమ్ షోన్ కాటి నిజంగా ఉన్నవాడేనా, లేక కథలో పుట్టినవాడా?

నిజంగా ఉన్నవాడే. అసలు పేరు థామస్ జోన్స్. ట్రెగారన్ దగ్గర 1530 ప్రాంతంలో పుట్టాడు, 1609లో మరణించాడు. తండ్రి షోన్, తల్లి కేథరిన్ (ముద్దుపేరు కాటి); వివాహబంధానికి బయట పుట్టిన బిడ్డ కావడంతో తల్లి పేరు కూడా అతడి పేరులో నిలిచిపోయింది. 1559 జనవరిలో, మొదటి ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన కొద్ది వారాలకే, అతడికి రాజముద్రతో క్షమాపత్రం లభించింది. ఏ నేరమూ చేయనివాడికి క్షమాపత్రం అవసరం ఉండదు కదా అన్న ఆలోచన మీదనే తరువాతి తరాలవారు కథల మేడ కట్టుకున్నారు.

అయితే ఆ తరువాతి జీవితంలో అతడు అడవుల్లో తిరిగిన దొంగ కాడు. వెల్ష్ కుటుంబాల వంశవృక్షాలను సేకరించి, వాటిని అలంకరించి రాసిపెట్టే విద్యలో అతడు తన కాలంలో ఎంతో గౌరవం పొందిన పండితుడు, కవి కూడా. జీవితపు చివరి సంవత్సరాల్లో జోన్ అనే వితంతువును పెళ్ళి చేసుకున్నాడు. ఆమె తండ్రి బ్రెకన్‌కు చెందిన సర్ జాన్ ప్రైస్; 1546లో అచ్చయిన మొట్టమొదటి వెల్ష్ పుస్తకాన్ని తెచ్చినది ఆయనే. అంటే మనం ఎవరి జాడలో నడుస్తున్నామో ఆ మనిషి ఒకే జన్మలో రాజు చట్టానికి దొరకని దోషిగానూ, పెద్ద ఇళ్ళ వంశచరిత్రలు రాసే విద్వాంసుడిగానూ బతికాడు. ఈ నడకను రూపొందించడానికి మమ్మల్ని కదిలించింది అతడి దొంగతనాలకంటే ఎక్కువగా ఈ రెండు ముఖాలే.

మరి ఇన్ని దొంగ కథలు అతడి పేరున ఎలా చేరాయి?

అతడు బతికిన కాలాన్ని గమనిస్తే కొంత అర్థమవుతుంది. 1536 నుంచి 1543 మధ్య చేసిన చట్టాలతో వేల్స్‌ను ఇంగ్లండ్ పాలనలో పూర్తిగా కలిపివేశారు. న్యాయస్థానాల్లో ఇంగ్లీషు అధికార భాష అయింది. తమకు తెలియని భాషలో విచారణ జరిపి శిక్ష వేసే అధికారులను తెలివితో బోల్తా కొట్టించేవాడంటే సామాన్య ప్రజలకు అభిమానం కలగడం సహజం. నోటిమాటగా తిరిగిన ఆ కథలు 1763లో చిన్న పుస్తకంగా అచ్చయ్యాయి, 1828లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవలతో దూర ప్రాంతాలకు కూడా పాకాయి. ఇలా పాకేటప్పుడు వేరే దొంగల పేరున ఉన్న కథలు కూడా టుమ్ ఖాతాలో చేరి ఉంటాయన్నది మా అభిప్రాయం. పేరున్నవాడి చుట్టూ కథలు మూగడం ఎక్కడైనా జరిగేదే.

అందువల్ల మీ చేతికిచ్చే కాగితంలో చరిత్రగా రుజువైన సంగతులను ఒక రంగులో, జనం చెప్పుకునే కథలను మరో రంగులో అచ్చు వేశాము. పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకోకుండా చూడవలసిన బాధ్యత మాకు ఉందని మేము గట్టిగా నమ్ముతాము.

నడకలో ఏయే కథలు వస్తాయి?

మూడు కథలు ప్రధానంగా వస్తాయి. మొదటిది కుండ కథ. ఒక పేదవాడికి వంటకు ఇనుప కుండ కావాలి, చేతిలో డబ్బు లేదు. టుమ్ అతడిని వెంటబెట్టుకుని అంగడికి వెళ్ళి, ఒక కుండను వెలుగుకు ఎత్తి చూసి, ఇందులో చిల్లు ఉందంటాడు. లేదని వాదించిన అంగడివాడు కుండలోకి తొంగిచూడగానే టుమ్ దాన్ని అతడి తలకు బిగించేస్తాడు. ఆ గడబిడలో పేదవాడు తనకు కావలసిన కుండను తీసుకుని వెళ్ళిపోతాడు. చిల్లు లేకపోతే నీ తల అందులోకి ఎలా పట్టిందయ్యా అని టుమ్ చివరికి అడుగుతాడు. ఈ కథను లాండవరి వీధిలో చదివేటట్టు అమర్చాము.

రెండవది దారిదోపిడీ కథ. ముసలి గుర్రం మీద వెళుతున్న టుమ్‌ను ఒక దొంగ అటకాయించి, మూట ఇమ్మంటాడు. టుమ్ ఆ మూటను బురదగుంటలోకి విసిరేస్తాడు. దొంగ గుర్రం దిగి బురదలో దిగబడుతూ మూట అందుకునేలోపు, దొంగ ఎక్కివచ్చిన మేలుజాతి గుర్రం మీద టుమ్ మాయమవుతాడు. మూట విప్పితే అందులో ఉన్నవి విలువలేని గవ్వలు. డినాస్ కొండ కింది చిత్తడి నేలలో చెక్కల వంతెన మీద నిలబడి ఈ కథ చదివినవారికి, ఆ దొంగ అవస్థ ఎటువంటిదో ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేదు.

మూడవ కథ పెళ్ళి కథ. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

పెళ్ళి కథను పిల్లలకు చెప్పడం సరైనదేనా?

ఇది న్యాయమైన ప్రశ్న. టుమ్ పెళ్ళికి అడిగితే జోన్ నిరాకరించిందని, కడసారిగా చేతిని ముద్దాడి వెళ్ళిపోతానని బతిమాలితే ఆమె కిటికీలోంచి చేయి చాపిందని, అతడు ఆ చేయి పట్టుకుని కత్తి దూసి, పెళ్ళికి ఒప్పుకోకపోతే ఈ చేతిని నరికేస్తానన్నాడని కథ. పాత పుస్తకాలు దీన్ని చిలిపి ప్రేమకథలా చెప్పుకొచ్చాయి. మేము అలా చెప్పము. భయపెట్టి రాబట్టిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. అందుకే మా కాగితంలో ఈ కథను కథగానే ఇచ్చి, దాని కింద జోన్ గురించి చరిత్రకు తెలిసిన విషయాలను రాశాము: ఆమె ఎవరి కూతురు, ఎవరి వితంతువు, ఎంత పలుకుబడి ఉన్న కుటుంబంలో పుట్టింది అనేవి. పదేళ్ళు దాటిన పిల్లలతో ఈ కథ మీద మాట్లాడుకోవడం మంచిదే. అంతకంటే చిన్నవారున్న కుటుంబాలు ఆ పుటను వదిలి ముందుకు సాగవచ్చు, దానివల్ల తరువాతి క్లూ ఏమీ చెడదు.

క్లూలు ఎలా ఉంటాయి? ఫోనులో వెతికితే దొరికిపోవా?

క్లూలన్నీ పొడుపు కథల రూపంలో, తెలుగులోనే ఉంటాయి. ఆ చోట నిలబడి కళ్ళతో చూస్తేనే జవాబు తెలిసేటట్టు వాటిని అల్లడానికి శ్రమపడ్డాము. మచ్చుకు ఒకటి:

శిరస్త్రాణం ఉంది, ముఖం లేదు.
అంగవస్త్రం ఉంది, అంగం లేదు.
కోట పక్కన కావలి ఉన్నాను,
కదలమంటే కదలను. నేనెవరిని?

లాండవరి కోట గుట్ట మీదికి కళ్ళెత్తి చూసిన పిల్లలు దీన్ని వెంటనే విప్పేస్తారు. అక్కడ తుప్పుపట్టని ఉక్కుతో చేసిన ఒక యోధుడి విగ్రహం ఉంది. శిరస్త్రాణం, అంగవస్త్రం మాత్రమే ఉంటాయి, లోపల మనిషి ఉండడు. అది లెవెలిన్ ఆప్ గ్రిఫిడ్ వైఖన్ స్మారకం. ఇంగ్లండ్ రాజు నాలుగవ హెన్రీ సైన్యానికి తిరుగుబాటు నాయకుడు ఓవైన్ గ్లిన్‌డూర్ జాడ చూపిస్తానని చెప్పి, కావాలనే తప్పుదారి పట్టించినందుకు 1401లో లాండవరిలోనే అతడిని అతి క్రూరంగా చంపారు. ఆరు వందల ఏళ్ళ తరువాత, 2001లో, ఊరివారు ఈ విగ్రహం నిలిపారు. టుమ్ కథలకు నూరేళ్ళకు పైగా ముందు జరిగిన సంగతి ఇది. అయినా దీనితోనే నడకను మొదలుపెట్టడానికి కారణం ఉంది. అధికారాన్ని మోసం చేసినవాడిని ఈ నేల ఎందుకు గుండెల్లో పెట్టుకుంటుందో అర్థం కావాలంటే, ఆ మోసానికి ప్రాణం చెల్లించిన మనిషి దగ్గర ముందుగా ఆగాలి.

మరో క్లూ నల్ల ఎద్దు గురించి. పశువుల మందలను ఇంగ్లండ్ సంతలకు తోలుకుపోయే వ్యాపారులకు లాండవరి ఒక ముఖ్యమైన మజిలీ. దారిలో డబ్బు మూటలు మోసుకు తిరగడం దొంగలను పిలిచి విందు పెట్టడమే కాబట్టి, ఆ వృత్తిలోనే ఉన్న డేవిడ్ జోన్స్ అనే ఆయన 1799లో ఇక్కడ ఒక బ్యాంకు పెట్టాడు. దాని నోట్ల మీద నల్ల ఎద్దు బొమ్మ ఉండేది, జనం దాన్ని నల్ల ఎద్దు బ్యాంకు అనే పిలిచేవారు. మిగిలిన క్లూలను ఇక్కడ బయటపెట్టము.

వెల్ష్ భాష రానివారు నడవగలరా?

తప్పకుండా నడవగలరు. సూచికల మీద వెల్ష్, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. పటం మీద కొన్ని మాటలు గుర్తుపడితే చాలు: ఓగోవ్ అంటే గుహ, అవొన్ అంటే నది, పోంట్ అంటే వంతెన, కోయ్డ్ అంటే అడవి. ఊరివారితో మాట్లాడేటప్పుడు ఒక్క వెల్ష్ పలకరింపు నేర్చుకుని వెళ్ళినా వారు ఎంతో సంతోషిస్తారు. ఉదయం వేళ అయితే బోరె ద అనండి.

డినాస్ కొండ బాట ఎంత కష్టంగా ఉంటుంది?

దూరం తక్కువే కానీ బాట అంతా ఒకలా ఉండదు. మొదట తడినేల మీద వేసిన చెక్కల బాట సాఫీగా సాగుతుంది. తరువాత ఓక్ చెట్ల అడవిలో రాళ్ళు, వేళ్ళు, ఎగుడుదిగుళ్ళు మొదలవుతాయి. టవి నదిలో డోయ్‌థీ నది కలిసే చోట నీటి హోరు బాగా వినిపిస్తుంది. అక్కడ రాళ్ళు పాచిపట్టి జారుతాయి. క్లూలు విప్పుతూ, ఆగుతూ వెళితే రెండు మూడు గంటలు పడుతుంది. చక్రాల కుర్చీలో వచ్చేవారు, తోపుడు బండిలో పసిబిడ్డను తెచ్చేవారు మొదటి చెక్కబాట భాగం వరకు వెళ్ళడం మంచిది. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినప్పుడు వారిని కూడా ఇంత దూరం తీసుకువస్తే, లాండవరి ఊరి భాగాన్ని వారితో కలిసి పూర్తిచేసి, చెక్కబాట మీద కొంతసేపు కూర్చోబెట్టండి. ఆ అడవి అందం కూర్చున్నవారికి కూడా దక్కుతుంది.

గుహలోకి వెళ్ళవచ్చా?

గుహకు వెళ్ళే దారి ప్రధాన బాట నుంచి విడిపోయి నిటారుగా పైకి వెళుతుంది. చేతులు ఆనించి ఎక్కవలసిన చోట్లు ఉన్నాయి. గుహ అని విని పెద్ద మండపాన్ని ఊహించుకోవద్దు. పెద్ద బండల మధ్య ఇరుకైన సందులోంచి దూరవలసిన చిన్న చోటు అది. వాన పడ్డ రోజున ఎక్కవద్దని మా గట్టి సలహా. చివరి క్లూకు జవాబు కింది బాట మీద నుంచే దొరికేటట్టు ఏర్పాటు చేశాము కాబట్టి, గుహ ఎక్కనివారు ఓడిపోయినట్టు కాదు. పాత సందర్శకులు బండల మీద తమ పేర్లు చెక్కి వెళ్ళారు. మీరు మాత్రం ఒక్క గీత కూడా గీయవద్దు.

ఏ కాలంలో వెళితే బాగుంటుంది?

మే నెల మా మొదటి ఎంపిక. ఈ కొండ ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ చూసుకునే గ్వెన్‌ఫ్రూడ్-డినాస్ అభయారణ్యంలో భాగం. వసంతంలో ఆఫ్రికా నుంచి వచ్చే చిన్న పక్షులు ఓక్ చెట్ల తొర్రల్లో గూళ్ళు పెడతాయి, అడవి నేల నీలిపూలతో నిండుతుంది. చీలిన తోకతో ఎగిరే ఎర్ర గద్దను ఏడాది పొడుగునా చూడవచ్చు. బ్రిటన్ అంతటా వేటాడి చంపేసినప్పుడు ఆ గద్దలు గుప్పెడు జంటలుగా ప్రాణాలు దక్కించుకున్నది వేల్స్ నడిభాగంలోని ఈ లోయల్లోనే. దాక్కోవడానికి అనువైన చోటు టుమ్‌కే కాదు, వాటికి కూడా దొరికింది.

డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి ఆ కాలంలో మధ్యాహ్నం తరువాత బయలుదేరవద్దు. వేసవి చివర నడుమెత్తు ఫెర్న్ మొక్కలు బాటను కప్పేస్తాయి.

ఏమేమి తెచ్చుకోవాలి? భోజనం మాటేమిటి?

నీరు లోపలికి రాని పట్టున్న బూట్లు, వాన కోటు, పొడి మేజోళ్ళు, 1:25,000 కొలమానంలో బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి కాగితపు పటం, ఈల, పెన్సిల్ తప్పనిసరి. వానలో పెన్ను రాయదు. గడ్డిలో తిరిగే పిడుదు పురుగుల వల్ల లైమ్ వ్యాధి వచ్చే అవకాశం ఉంది, కాబట్టి పొడవు ప్యాంటు వేసుకుని, ఇంటికి చేరాక కాళ్ళు, మోకాళ్ళ వెనుక భాగం జాగ్రత్తగా చూసుకోండి.

కొండ దగ్గర అంగళ్ళు లేవు. పులిహోర, దద్దోజనం కట్టుకుని రండి. ఆ చలిగాలిలో పులిహోర రుచి రెట్టింపవుతుందని వెళ్ళివచ్చినవారందరూ చెబుతారు. కరివేపాకు రెబ్బ, నారింజ తొక్క సహా ఏదీ అడవిలో పారేయకుండా ఇంటికి తీసుకుపోవాలి. తిరుగు ప్రయాణంలో లాండవరిలో వెల్ష్ కేకులు, ఎండుద్రాక్షలు వేసి చేసే బారా బ్రిత్ అనే రొట్టె రుచి చూడండి. కావుల్ అనే సూప్‌లో సాధారణంగా గొర్రె మాంసం ఉంటుంది కనుక శాకాహారులు అడిగి తెలుసుకోవాలి.

ఫోను పనిచేస్తుందా? ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

లోయలో సిగ్నల్ మీద ఆధారపడవద్దు. సిగ్నల్ ఉంటే 999కి ఫోన్ చేసి, ముందు పోలీసులను, తరువాత మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే దళం) వారిని అడగాలి. మాట అందని చోట సందేశం పంపగలగాలంటే, ఇంట్లో ఉండగానే 999కి రిజిస్టర్ అనే ఇంగ్లీషు మాటను మెసేజ్‌గా పంపి మీ ఫోనును నమోదు చేసుకోవాలి. ఏదీ పనిచేయకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

నదిలోకి ఎవరినీ దిగనివ్వవద్దు. పైన ఉన్న లిన్ బ్రియాన్ ఆనకట్ట 91 మీటర్ల ఎత్తుతో బ్రిటన్‌లోకెల్లా ఎత్తైనది. దాని కింద ప్రవహించే ఈ నీరు చల్లగా, వేగంగా ఉంటుంది. పైకి నిశ్శబ్దంగా కనిపించే మడుగులు కూడా లోతైనవే.

కుక్కను తీసుకురావచ్చా?

అభయారణ్యం ద్వారం దగ్గర పెట్టిన నియమాలు చదివి, వాటి ప్రకారం నడుచుకోండి. స్వేచ్ఛగా తిరిగే హక్కు కల్పించిన కొండ నేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు, గొర్రెల దగ్గర ఏడాది పొడుగునా, రెండు మీటర్లకు మించని తాడుతో కట్టి నడిపించాలన్నది చట్టం.

చివరికి దొరికే నిధి ఏమిటి? ఎక్కడైనా తవ్వాలా?

ఎక్కడా తవ్వకూడదు, ఏ రాయినీ కదిలించకూడదు. అభయారణ్యంలో మేము ఏ పెట్టెనూ దాచలేదు; గూళ్ళు పెట్టే పక్షులున్న చోట పెట్టె కోసం పొదలు వెతకడం తప్పు. క్లూల జవాబుల నుంచి మొదటి అక్షరాలను కూర్చితే ఒక వాక్యం వస్తుంది. ఆ వాక్యాన్ని మాకు పంపినవారికి థామస్ జోన్స్ పద్ధతిలో గీసిన ఖాళీ వంశవృక్షం పంపుతాము. అందులో మీ తాతముత్తాతల పేర్లు మీరే నింపుకోవాలి. దొంగగా పేరుపడ్డ మనిషి నిజంగా కూడబెట్టిన సంపద వంశాల వివరాలే కాబట్టి ఈ బహుమతిని ఎంచుకున్నాము. చాలా ఇళ్ళలో ఆ కాగితం ముందు కూర్చుని అమ్మమ్మకు, నానమ్మకు ఫోన్ చేయక తప్పదు.

ఒకవేళ ఎవరికైనా నిజంగానే పాత నాణేలో నగలో కనబడితే, 1996 నాటి చట్టం ప్రకారం నిధిగా లెక్కకు వచ్చే వస్తువుల సంగతి 14 రోజులలోగా కరోనర్ అనే స్థానిక విచారణాధికారికి తెలియజేయాలి. నిజమైన బంగారు గని చూడాలన్న కోరిక ఉంటే పంప్‌సెయింట్ దగ్గరి డోలైకోథికి వెళ్ళండి. రోమన్లు తవ్విన ఆ గనులు 1938 వరకు పనిచేశాయి.

కారు లేనివారు ఎలా వెళ్ళాలి?

స్వాన్సీ నుంచి ష్రూస్‌బరీ వెళ్ళే హార్ట్ ఆఫ్ వేల్స్ రైలు లాండవరిలో ఆగుతుంది. రోజుకు కొద్ది రైళ్ళే ఉన్నందున తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి. ఊరి భాగానికి రైలు చాలు. డినాస్‌కు పదిహేను కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది, దారి ఇరుకు. రెండు మూడు కుటుంబాలు కలిసి టాక్సీ మాట్లాడుకోవడం మేలు.

ట్రెగారన్‌లో చూడవలసినవి ఏమిటి?

టుమ్ చెక్క శిల్పం ఒకటి ఉంది. కూడలిలో ఉన్న విగ్రహం మాత్రం దొంగది కాదు. ఆ ఊళ్ళోనే 1812లో పుట్టి, యుద్ధాలు ఆపాలని జీవితమంతా పోరాడిన హెన్రీ రిచర్డ్‌ది. పక్కనే కోర్స్ కారన్ అనే విశాలమైన పీట్ చిత్తడి నేల మీద చెక్కల బాట ఉంది.

ఇలాంటి మరో నడకను మేమే తయారుచేసుకోవాలంటే?

ఉత్తరాన డినాస్ మౌద్వి ప్రాంతాన్ని సూచిస్తాము. అక్కడి ఎర్ర బందిపోట్ల కథ టుమ్ కథలకు పూర్తిగా భిన్నం. నవ్వు లేదు, నెత్తురు ఉంది. 1555 అక్టోబరులో న్యాయాధికారి లూయిస్ ఆబ్ ఓవైన్‌ను అడవి దారిలో కాపుకాసి చంపారు. తన కొడుకులను ఉరితీయవద్దని ఒక తల్లి వేడుకుంటే అతడు వినలేదని, నీ నెత్తుటిలో మిగిలిన నా బిడ్డలు చేతులు కడుగుతారని ఆమె శపించిందని జనం చెబుతారు. బందిపోట్లు రాత్రిళ్ళు పొగగొట్టాల్లోంచి దిగకుండా ఊరివారు అందులో కొడవళ్ళు అమర్చేవారన్న మాట కూడా ఉంది. క్లూలు రాసేటప్పుడు ప్రజలకు హక్కున్న కాలిబాటలను మాత్రమే ఎంచుకోండి. పసుపు బాణం గుర్తు నడిచేవారికి, నీలం బాణం గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా. పెట్టె ఏదైనా దాచాలనుకుంటే ముందు ఆ నేల యజమాని అనుమతి తీసుకోవాలి. గొర్రెలు ఈనే మార్చి, ఏప్రిల్ నెలల్లో రైతుల పొలాల మీదుగా గుంపులను తీసుకెళ్ళకుండా, నడకను మే తరువాతికి పెట్టుకోండి.